ముక్కుపొడి డబ్బాలో నెత్తళ్ళు

ఈ జన్మలో నేను తిన్న చేపల్ని తల పక్కన తోక పెట్టి వరసగా పేర్చుకుంటూ పోతే కళింగపట్నం ఒడ్డు నుంచి చీపురుపల్లి రైల్వే స్టేషన్ దాకా వస్తాయి. ఈ మాట చాలామందికి చెప్పాను. ఎవరూ కొలవరు కదా అని ధైర్యం. నిజానికి మా వీధి చివర దాకా వస్తే గొప్పే. ఎందుకంటే నేను చేపలు తిన్నదానికంటే అమ్మింది ఎక్కువ. అవీ ఎండు చేపలు. తాటాకు బుట్టల్లో నెత్తళ్ళూ కవ్వళ్ళూ సర్దుకుని కోటబొమ్మాళి సంతకీ చీపురుపల్లి సంతకీ తిరిగి తిరిగి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. నేను మానేసినా నా ఒంటి వాసన మానలేదని మా ముసిల్ది ఇప్పటికీ అంటుంది.

అలాంటి నా ఇంట్లో నా మనవరాలు, ఎనిమిదేళ్ళ గుంట, ఇక జన్మలో చేప ముట్టనంది. తను ముట్టకపోతే సరే. ఇంట్లో పిల్లి కూడా ముట్టకూడదంది.

ఇదంతా ఆదివారం వల్ల వచ్చింది. మేం ఉండేది అరసవల్లిలో, సూర్యనారాయణమూర్తి గుడికి ఆటో దిగి నడిచేంత దూరంలో. మనవరాలు పసిగుడ్డుగా ఉన్నప్పుడు దాని ఎడమ కన్ను ఊరికే నీరు కారి, పుసి కట్టి, పొద్దున్నే తెరుచుకునేది కాదు. మా కోడలు స్వామికి మొక్కుకుంది. కన్ను బాగుపడితే మా ఇంట్లో ఆదివారం నీసు వండం, తినం అని. కన్ను బాగుపడింది. డాక్టరిచ్చిన చుక్కల మందు కూడా వేశాం, అది వేరే సంగతి. అప్పట్నుంచి ఊరంతా కోడికూర వండుకునే ఆదివారం నాడు మా ఇంట్లో ఆనపకాయ పులుసు. మిగతా ఆరు రోజులూ యథాప్రకారం.

ఓ సోమవారం బడికి సెలవు. మధ్యాహ్నం మా ముసిల్ది పచ్చి కవ్వళ్ళ పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చున్న మనవరాలు చేప తలకేసి చూస్తూ అడిగింది.

"నాయనమ్మా, సూర్యుడికి నీసు ఇష్టం నేదనే కదా ఆదివారం తినం?"

"అవునే తల్లీ. కన్నిచ్చిన సామి."

"మరి ఈవేళ సూర్యుడు రాలేదా?"

మా ముసిల్ది గరిటె పట్టుకుని నాకేసి చూసింది. వాకిట్లో ఎండ పెళపెళలాడుతోంది. ఆరేసిన చీరలు అప్పడాల్లా ఉన్నాయి. నాలుగు సంతల్లో బేరగాళ్ళ నోళ్ళు మూయించిన నేను ఇక రంగంలోకి దిగాను.

"సోమవారం ఆయన పని వేరు తల్లీ. ఎండ కాస్తాడు గానీ మన కంచాల్లోకి సూడడు."

"ఎండ కంచంలో పడతంది కదా తాతా!"

నిజమే. గుమ్మంలోంచి పడిన ఎండ సరిగ్గా పులుసు మీద పడుతోంది. చేప కన్ను తళుక్కుమంది. ఆ గుంట చెయ్యి కడిగేసుకుంది.

నేను వదల్లేదు. మబ్బు పట్టిన రోజు తినొచ్చు కదా అన్నాను. మబ్బు వెనకాల ఉంటాడంది. పోనీ దీపాలు పెట్టాక తిందాం, అప్పుడు ఆకాశంలో ఉండడు అన్నాను. భూమికి అటుపక్క ఉంటాడు, మా టీచరు బంతి తిప్పి చూపించిందంది. ఆ టీచరు మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ మర్నాడే బడికెళ్ళి ఆవిణ్ణి నిలదీశానని వీధిలో చెప్పాను. నిలదీయలేదు. గేటు దాకా వెళ్ళి, ఆవిడ నమస్కారం పెడితే నేనూ పెట్టి, వేరుశనగ ఉండలు కొనుక్కుని వచ్చేశాను.

కోడలు మాత్రం పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎదిగే పిల్ల, నీసు లేకపోతే నీరసపడిపోతుందేమోనని దాని బెంగ. ఆయన పప్పులూ పాలూ పెరుగూ ఆకుకూరలూ చోళ్ళూ శ్రద్ధగా పెడితే పిల్ల దిట్టంగా పెరుగుతుంది, గుడ్డు కూడా తింటే మరీ మంచిది, అప్పుడప్పుడు ఓ రక్తపరీక్ష చేయించండి అన్నాడట. మనవరాలు ఆలోచించి, గుడ్డుకి కళ్ళుండవు కాబట్టి బళ్ళో పెట్టే గుడ్డు తింటానంది. మా ముసిల్ది చోడి అంబలి, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం అంటూ మొదలుపెట్టింది. నెల తిరక్కుండా పిల్ల బుగ్గలు తేరాయి. నా పొట్ట కూడా తేరింది. ఆ దప్పళం అలాంటిది.

చిక్కంతా పిల్లితో వచ్చింది.

ఆ పిల్లి నేను సంతల్లో అమ్మిన ఆఖరి రోజున నా బుట్ట వాసన పట్టుకుని బస్సు దిగిన చోటి నుంచి ఇంటి దాకా వెనకాలే వచ్చింది. నలభై ఏళ్ళ వ్యాపారానికి నాకు దక్కిన సన్మానం అదొక్కటే. కానీ వచ్చిన రోజు నుంచీ అది మనవరాలి పిల్లి అయిపోయింది. దాని ఒళ్ళోనే పడుకోవడం, దాని జడ పట్టుకుని ఆడడం.

"నేనొక్కదాన్నే మానేస్తే స్వామి ఏటనుకుంటాడు? పిల్లిది కూడా ఈ ఇల్లే కదా," అని మనవరాలు పిల్లి చిప్పలో పప్పన్నం కలిపి, మీద నెయ్యి వేసి పెట్టింది.

పిల్లి వచ్చింది. వాసన చూసింది. వెనక్కి తిరిగి, చిప్ప చుట్టూ ఉన్న నేలని ముందరి కాలితో గీకడం మొదలుపెట్టింది. పిల్లి అలా ఎందుకు గీకుతుందో పెద్దవాళ్ళందరికీ తెలుసు. మనవరాలు మాత్రం, "సూడు తాతా, దణ్ణం పెడతంది!" అంది.

సాయంత్రానికి దణ్ణం కాదని తెలిసింది. పిల్లి తినలేదు. మర్నాడు పొద్దున్నా తినలేదు. పిల్లి తినేదాకా నేనూ తిననని ఆ గుంట కంచం నెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, "కొంచెం తినే, ఒక్క ముద్ద, నా కోసం," అని బతిమాలుతుంటే దాని గొంతు వణికింది. ఆ గొంతు విని ఊరుకోగలిగినవాడు తాత కాడు.

నాకు ముక్కుపొడి అలవాటుండేది. డాక్టరు తిడితే మానేసి రెండేళ్ళయింది. డబ్బా మాత్రం అలవాటుగా చొక్కా జేబులోనే ఉంటుంది. పెరట్లోకి వెళ్ళి, పాక అటక మీద మిగిలిన పాత బుట్టలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్ళు తీసి, కోడలు చూడకుండా పెనం మీద వేయించి, రోట్లో మెత్తగా దంచి, గుడ్డలో జల్లెడ పట్టి ఆ డబ్బాలో పోశాను. అచ్చం ముక్కుపొడిలాగే ఉంది.

"ఇలా తే. తాత సెయ్యి పడితే అదే తింటాది," అని పప్పన్నం చిప్ప తీసుకుని, వీపు తిప్పి ఓ చిటికెడు చల్లి కలిపాను. పిల్లి చిప్ప మీద పడింది. ఆఖరికి చిప్పని తోసుకుంటూ గది చివరి దాకా వెళ్ళి నాకింది. మనవరాలు చప్పట్లు కొట్టి, నా మెడ పట్టుకుని వేలాడి, రెండు ముద్దలు అడిగి మరీ తింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు ఊరుకోవడం రాదు. టీ కొట్టు దగ్గర మా పిల్లి శాకాహారం పుచ్చుకుందని చెప్పాను. నేను చెవిలో ఏదో చెప్పానని కూడా చెప్పాను. పూలమ్ముకునే ఎదురింటి పిల్ల తన కూతురికి అన్నం సహించడం లేదు, దాని చెవిలో కూడా చెప్పు తాతా అని తీసుకొచ్చింది. చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు. దాని కూతురు అన్నం తినలేదు గానీ నన్ను చూస్తే నవ్వుతుంది. గుడికొచ్చిన వాళ్ళు కూడా దారి మళ్ళి మా పిల్లిని చూడ్డానికి వచ్చారని చెప్పుకున్నాను. వచ్చింది ఇద్దరు. వాళ్ళూ లాడ్జి ఎక్కడని అడగడానికి.

మనవరాలు మాత్రం బళ్ళో, వీధిలో, పాలాయనకీ, అందరికీ గర్వంగా చెప్పుకునేది. "మా పిల్లి కూడా సూర్యుడికి మొక్కుకుంది," అని. అది అలా చెబుతుంటే నా జేబులో డబ్బా కొంచెం బరువెక్కేది. ఆదివారాలు మరీను. మొక్కున్న ఇంట్లో, ఆదివారం పూట, జేబులో నీసు పెట్టుకుని తిరిగేవాణ్ణి.

దొరికిపోయింది కూడా ఆదివారమే.

మా ముసిల్దాని తమ్ముడు కోటబొమ్మాళిలో ఉంటాడు. వాడూ మా వ్యాపారమే చేసి మానేసినవాడు. కంటి ఆపరేషన్ అయ్యాక వాడికి ఆదివారం నియమం బాగా ముదిరింది. స్నానం చేసి, తడి తల ఆరకుండా రైలెక్కి వచ్చి, దర్శనం చేసుకుని మా ఇంట్లో భోంచేసి వెళ్తాడు. ఆ రోజు కూడా నుదుట కుంకంతో వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. మనవరాలు పిల్లి చిప్ప తెచ్చి, "తాతా, మా పిల్లి పప్పన్నం తినడం నువ్వు సూడలేదు కదా, సూడు," అని ముందు పెట్టింది. నేను మామూలుగా వీపు తిప్పి, డబ్బా తీసి, చిటికెడు చల్లాను. డబ్బా జేబులో పెట్టేలోగా వాడి కంట పడింది.

"ఒరే బావా! ముక్కుపొడి మానేశానన్నావు, ఇదేటి? అబద్దాలకోరు ముసిలోడా, ఇలగియ్యి ఓ పట్టు."

"వద్దురా, ఇది ఘాటు."

"ఘాటు నాకు సెప్తన్నావా?"

లాక్కున్నాడు. రెండు వేళ్ళతో ఇంత తీసి, తల వెనక్కి వాల్చి, ముక్కులోకి ఎగబీల్చాడు.

వాడు ఇరవై తుమ్ములు తుమ్మాడని నేను చెబుతుంటాను. నాలుగే. కానీ నాలుగో తుమ్ముకి పక్కింటి కోడి ఎగిరి గోడెక్కింది, అది మాత్రం నిజం. కళ్ళ నీళ్ళు కారుతుండగా వాడు వేళ్ళు వాసన చూసుకున్నాడు. వ్యాపారం మానేసినా వాడి ముక్కు మానలేదు.

"నెత్తళ్ళు!" అన్నాడు. "ఉప్పు తక్కువ సరుకు. ఏసంకాలంలో ఎండినవి." అప్పటికి గానీ రోజు గుర్తు రాలేదు. "ఒలమ్మో, ఆదివారం! దర్శనం సేసుకొచ్చి నీసు ముక్కులో పోసుకున్నాను! అప్పా, నీ మొగుడు నా కళ్ళు తీసేశాడే!"

మా ముసిల్ది వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. పిల్లి చిప్పలో పప్పన్నం వదిలేసి, వాడి ఒళ్ళోకి దూకి, వాడి మీసాలు శ్రద్ధగా నాకడం మొదలుపెట్టింది.

నాకు నవ్వాగలేదు. పక్కకి చూశాను. మనవరాలు నవ్వడం లేదు.

"తాతా, నా పిల్లి పప్పన్నం తినలేదా?"

"తిందమ్మా. పప్పన్నమే. రుచికి రవంత..."

"ఎన్ని రోజుల్నించి?"

ఈ మధ్యనే అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. దాని కళ్ళలోకి చూశాక రాలేదు.

"మొదటి రోజు నుంచి."

అది ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. డబ్బా తీసుకెళ్ళి వీధి కాలవలో కుమ్మరించి, కడిగి, తుడిచి, తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంక నిజంగా తింటాది. నేను నేర్పుతాను. నువ్వు దాని దగ్గరికి రాకు," అంది.

ఆ రోజు, మర్నాడు, పిల్లి ఏమీ తినలేదు. కిటికీలో ముడుచుకుని పడుకుంది. మనవరాలు పక్కనే కూర్చుని పుస్తకం చదువుకుంటున్నట్టు నటించింది. అది నాతో మాట్లాడక రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను టీ కొట్టుకి కూడా వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను?

మంగళవారం పొద్దున్న నేనే పాత తాటాకు బుట్ట ఒకటి దులిపి, గుడ్డ పరిచి, "పద తల్లీ, పశువుల డాక్టరు దగ్గరికి ఎల్దాం. నా మాట నమ్మకు. నువ్వే అడుగు," అన్నాను. మా అబ్బాయి ఆటోలో ఎక్కించాడు. పిల్లి బుట్టలో పడగానే ఏదో తెలిసిన వాసన తగిలినట్టు ఉషారుగా లేచి కూర్చుంది.

డాక్టరు చిన్నమ్మాయి. ఈ ఊరు కాదు. పిల్లిని అటూ ఇటూ తిప్పి చూసి, మనవరాలు చెప్పిందంతా విని, నవ్వకుండా జవాబు చెప్పింది. నవ్వనందుకు ఆవిడంటే నాకు గౌరవం.

"చూడు పాపా, నువ్వు పప్పూ పాలూ తింటే వాటిలోంచి నీ ఒంటికి కావలసినవి చాలావరకు నీ ఒళ్ళే తయారుచేసుకుంటుంది. పిల్లి ఒంటికి ఆ పని రాదు. చేపో మాంసమో తినకపోతే మెల్లగా గుండె పాడవుతుంది. కళ్ళు పోతాయి."

మనవరాలు పిల్లి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. తన ఎడమ కంటి సంగతి దానికి బాగా తెలుసు. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం ఆ కథ చెప్పే ఆనపకాయ వడ్డిస్తుంది.

"కుక్క అయితేనో?" అని అడిగింది, ఇంకా ఏదో దారి ఉందేమోనని.

"కుక్క కొంత సర్దుకుంటుంది, అదీ మమ్మల్ని అడిగి జాగ్రత్తగా పెడితే. పిల్లి సర్దుకోలేదు."

"మరి ఆదివారం కూడా చేప పెట్టాలా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నేను మా మొక్కు సంగతి చెప్పాను. ఆవిడ పిల్లి తల నిమిరి, "ఆదివారం దానికి కళ్ళు అక్కర్లేదా పాపా?" అంది.

నా వైపు తిరిగి, "మీరూ తప్పే చేశారు తాతగారూ. ఎండు చేప ఉప్పు దానికి మంచిది కాదు. పచ్చి చేప ఉడకబెట్టి, ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా పెట్టండి," అంది. మనవరాలు రెండు రోజుల తర్వాత మొదటిసారి నాకేసి చూసింది. తప్పు నాలో కూడా ఉందని తేలినందుకు దాని మొహం కొంచెం విచ్చుకుంది.

వచ్చేటప్పుడు గుడి వీధి మలుపులో ఆటో ఆపమంది. బుట్టతో గుళ్ళోకి పోనివ్వరు కదా అన్నాను. గుళ్ళోకి కాదంది. రోడ్డు పక్కన నిలబడి, బుట్ట మూత తీసి, తల పైకెత్తింది. పదకొండు గంటల ఎండ. కళ్ళు చికిలించుకుని, పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకుంది. నేను వెనకాల నిలబడి విన్నాను.

"స్వామీ, నేను తినను. ఇది తింటాది. దానికి తినకుండా ఉండడం రాదంట. దీని కళ్ళు కూడా నువ్వే సూసుకో."

ఆ మాట విని రోడ్డు మీద ఆటోవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారని టీ కొట్టులో చెప్పాను. ఎవరూ తుడుచుకోలేదు. హారన్లు కొట్టారు. తుడుచుకున్నది నేనొక్కణ్ణే. ఎండ కళ్ళలో పడి.

అప్పట్నుంచి మా పెరట్లో మూడు ఇటికల పొయ్యి ఒకటి, ఓ మట్టి దాక వెలిశాయి. మొక్కు పొయ్యి మీద ఆదివారం నీసు ఎక్కకూడదు గదా, పిల్లి వంట ఇంటి బయట అని కోడలు తేల్చింది. వంటవాణ్ణి నేను. చేప ఉడకబెట్టడం, ముళ్ళు తీయడం నా పని. పక్కన నిలబడి ముక్కు మూసుకుని ముల్లు మిగిలిందేమో చూడ్డం మనవరాలి పని. మొదటి ఆదివారం పొగ లేవగానే ఎదురింటి పూల పిల్ల గుమ్మంలోంచి కేకేసింది.

"ఏటి తాతా, మొక్కున్న ఇంట్లో ఆదివారం నీసు కంపు! కోడలు ఊరెళ్ళిందేటి?"

నేను నోరు తెరిచేలోపే మనవరాలు అందుకుంది. "మాక్కాదు పిన్నీ, పిల్లికి! స్వామికి సెప్పేశాం!"

ఇక నా సంగతి. మనవరాలి కోసం నేనూ నీసు మానేశానని ఇప్పుడు ఊరంతా చెబుతున్నాను. కోటబొమ్మాళి బావమరిది కూడా నమ్మి, ఆ డబ్బా సంగతి క్షమించాడు. ఇంట్లో మా కంచాల్లోకి చేప రావడం లేదన్నది నిజమే. కానీ మొన్న సోమవారం పొయ్యి దగ్గర కూర్చుని ముళ్ళు తీస్తున్నాను. పచ్చి కవ్వళ్ళు, మంచి సరుకు. పిల్లి మూడు ముక్కలు తిని, కడుపు నిండి, మీసాలు తుడుచుకుంటూ పోయింది. నాలుగో ముక్క వేళ్ళ మధ్య మిగిలిపోయింది. ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు లేదు. అయినా సగం కొరికి నోట్లో పెట్టుకున్నాను. మొదటిసారి కూడా కాదు. డబ్బా రోజుల్లో కూడా పిల్లికి నాలుగు నెత్తళ్ళు దంచితే నాకొకటి ఉండేది.

నములుతుండగా వెనక అలికిడి. తిరిగి చూస్తే మనవరాలు. ఎంతసేపట్నుంచి ఉందో. నేను నమలడం ఆపేశాను. అది గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. అయిపోయింది, ఇంకో రెండు రోజులు మాటలుండవనుకున్నాను.

తిరిగొచ్చింది. చేతిలో చిన్న ఆకు ముక్క. అందులో చిటికెడు ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ. నా పక్కన పెట్టి, ముక్కు మూసుకుని అంది.

"ఉప్పు లేకుండా ఎలగ తింటన్నావు తాతా? నువ్వు పిల్లివేటి?"

"నీకు కోపం రాలేదా తల్లీ?"

"అబద్దమాడితే వస్తాది. తింటే ఎందుకు? నీ నోరు నీది." ఆకు నాకేసి జరిపి, "ఈవేళ సోమవారమే," అంది, తనే నాకు సెలవిస్తున్నట్టు.

ఆ ప్రేమకి లొంగిపోయి, మిగిలిన సగం ముక్క అలాగే పిల్లి చిప్పలో పెట్టేసి, అక్కడే ఒట్టేసుకుని, ఆ రోజు నుంచి నిజంగానే మానేశానని రాద్దామనే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

కానీ తినేశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.